నేను బిగించిన ఫిలిం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఐదో తరగతికి ఎక్కాలు చెప్పిస్తున్నాను. పుంగనూరు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు బడి వాకిట్లోకి వచ్చి ఒక చీటీ ఇచ్చిపోయాడు. అక్కడి పాస్టరు గారి రాత. బొమ్మల మేస్త్రి ప్రభువునందు నిద్రించాడనీ, మధ్యాహ్నం మూడు గంటలకు భూస్థాపన అనీ, నేను తప్పకుండా వచ్చి నాలుగు మాటలు చెప్పాలనీ రాశారు. చివర ఇంకో వాక్యం ఉంది: "ఆయనను గురించి నీకంటే బాగా చెప్పగలవారు లేరు." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. పిల్లలు పదిహేడో ఎక్కం మధ్యలో ఆపి నా ముఖం చూస్తున్నారు. వాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నాను.

వెళ్ళాను. పావుగంట సేపు మాట్లాడాను. మేస్త్రి నిదానం గురించి, పనితనం గురించి, భక్తి గురించి చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మన్ను వేసి వస్తుంటే పాస్టరు గారు నా రెండు చేతులూ పట్టుకుని, "ఏం మాటలయ్యా, ఏం మాటలు!" అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటారు. సాయంత్రం బస్సులో మదనపల్లె చేరేదాకా ఆ తల మళ్ళీ ఎత్తలేదు. చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంటే, దాన్ని వదిలేసి మిగిలినవన్నీ చెప్పి వచ్చాను.

మేస్త్రి మీద స్మృతి రాసి ఇమ్మని పత్రికవారు అడిగారు. ఆ ఒక్క మాట కోసమే ఒప్పుకున్నాను. చదివేవారు నన్ను మన్నించాలని రాయడం లేదు. మేస్త్రి మీద ఏడేళ్ళుగా ఉన్న నింద నాదని తెలియాలని రాస్తున్నాను.

ఈ ప్రాంతం వాళ్ళకు ఆయనను పరిచయం చెయ్యనక్కర్లేదు గాని, కొత్తవాళ్ళ కోసం చెబుతాను. మా క్రైస్తవ మిషన్‌లో ఒక సినిమా మిషను ఉండేది. మిషన్ నడిపే తెల్లదొరగారి దేశంలో ఏదో సంఘంవాళ్ళు వాడి వాడి, కొత్తది కొనుక్కుని, పాతదాన్ని మాకు పంపించారు. చేత్తో పిడి పట్టుకుని తిప్పాలి. సినిమాలు మాట్లాడటం నేర్చి పదేళ్ళు దాటిపోయినా మాది మూగదే. అందుకని బొమ్మ నడుస్తుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు ఒకడు కావలసి వచ్చింది. ఆ ఒకణ్ణి నేను. దీపానికి కరెంటు ఇచ్చే ఆయిలింజను హాలు బయట పెద్ద రొద పెట్టేది. దాన్ని మించి వినిపించే గొంతు మిషన్ బడుల్లో నాదొక్కటే అని దొరగారు తేల్చారు. ఆ గొంతు చూసుకుని నాకు ఉన్న మిడిసిపాటు ఇంతా అంతా కాదు.

పిడి తిప్పేవాడు మేస్త్రి. కాగితాల్లో ఆపరేటరు అని రాసేవారు గాని, జనం బొమ్మల మేస్త్రి అనే పిలిచేవారు. పడుచుతనంలో కోలారు గనుల దగ్గర ఒక డేరా సినిమాలో పని నేర్చుకున్నాడట. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా ఖాకీ కోటు తీసేవాడు కాదు. ఒక జేబులో ఆముదం సీసా, అందులో ముంచడానికి కోడి ఈక. ఇంకో జేబులో పాత పంచె గుడ్డ. బండి ఎక్కేటప్పుడు సామానంతా వెనక వేయించి, మిషను తలకాయను మాత్రం బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకునేవాడు. పలమనేరు దారిలో గుంత వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేవాడు. "పిల్లకాయా అది?" అని నేను ఎగతాళి చేస్తే, "పిల్లకాయ అయితే కిందపడి ఏడ్సి లేస్తాడు అయివోరా. ఇది లెయ్యదు," అనేవాడు. మా పక్క పంతులును అయివోరు అంటారు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు, ఒక్కనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.

మా ఆటలన్నీ పగటి ఆటలే. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు నడిచి వచ్చి, పొద్దుగూకక ముందే ఇళ్ళు చేరాలి. బడి హాలు కిటికీలకు గొర్రెలకాపరుల నల్ల కంబళ్ళు కట్టి చీకటి చేసేవాళ్ళం. ఉన్ని కంపు, జనం చెమట, ఇంజను పొగ అన్నీ కలిసి లోపల ఊపిరాడేది కాదు. ఆ చీకట్లో మేస్త్రి ఫిలిం అంచును పెదాల మధ్య పెట్టి చూసేవాడు. ఏ వైపు పెదానికి అంటుకుంటే ఆ వైపే బొమ్మ ఉన్నట్టు. దీపం అడిగేవాడు కాదు.

ఒక వాన రోజు మదనపల్లెలో, బడి వసారాలో కూర్చుని మిషను విప్పి శుభ్రం చేస్తున్నాడు. నేను పక్కన చేరి ఏదో వాగుతున్నాను. "రెండేండ్లుగా బొమ్మ కదలతాంది, నడస్తాంది అని అరస్తాండావే, ఎట్ల కదలతాందో ఎప్పుడన్నా సూసినావా?" అన్నాడు. లేదన్నాను. ఈకతో ఒక చిన్న ఇత్తడి ముక్కను చూపించాడు. నాలుగు కొమ్ములు, కొమ్ముకూ కొమ్ముకూ మధ్య ఒక గాడి. శిలువ ఆకారం.

"శిలువ!" అన్నాను.

"శిలువే. దేవుడు పెట్టినాడని ప్రసంగం మొదలుపెట్టొద్దు. పని కోసరం పెట్టినారు," అన్నాడు. పక్కనున్న చక్రాన్ని వేలితో తిప్పాడు. ఆ చక్రానికి ఒక మేకు ఉంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఆ మేకు ఒక్కసారి వచ్చి శిలువ గాడిలో దూరుతుంది. శిలువ ఒక పావు చుట్టు తిరిగి ఠక్కున నిలబడిపోతుంది. మేకు మళ్ళీ వచ్చేదాకా కదలదు. శిలువ తిరిగినప్పుడల్లా ఫిలిం ఒక్క బొమ్మ దిగుతుంది.

"బొమ్మ కదలదు అయివోరా. నిలబడతాది. నిలబడినప్పుడే దానికి ఎలుతురు. కిందికి దిగేటప్పుడు ఈ రెక్క అడ్డమొచ్చి చీకటి చేస్తాది. కదిలేదంతా చీకట్లోనే. మనం సూసేది నిలబడినదాన్నే."

"ఆగకుండా తిప్పేస్తే?"

"అన్నీ గీతలే. ముకం యాడ కనపడతాది? నిలబడితేనే ముకం."

తర్వాత వదులు సంగతి చెప్పాడు. శిలువకు పైన ఇంకో పళ్ళ చక్రం ఉంటుంది. అది ఆగకుండా తిరుగుతూ చుట్టలోంచి ఫిలింను కిందికి వదులుతూ ఉంటుంది. శిలువ మాత్రం ఆగి ఆగి లాగుతుంది. "ఒకడు నడిసేటోడు, ఒకడు దూకేటోడు. ఇద్దురి నడాన వదులుండాల. పైన రెండేండ్లు పట్టేంత, కింద రెండేండ్లు పట్టేంత. లేకపోతే పిలుం తెగుతాది. తెగి దీపం ముందర నిలిస్తే అంటుకుంటాది. ఈ పిలుం కిరసనాయిలు కన్నా కసిగా మండతాది." ఏండ్లు అంటే ఇక్కడ వేళ్ళు. ప్రతి రీలు ఎక్కించాక రెండు వేళ్ళు ఆ వంపులో పెట్టి చూసుకుని, తర్వాతే పిడి మీద చెయ్యి వేసేవాడు.

ఇది ఒకసారి కాదు, పదిసార్లు విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

మా ఇద్దరి మధ్య ఒక అలవాటు కుదిరింది. రీలు మారగానే నేను తెర దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. మిషను సిద్ధం కాగానే ఆయన చిన్నగా దగ్గేవాడు. నేను "చూడండి అమ్మలారా, అయ్యలారా" అని ఎత్తుకునేవాణ్ణి. నా మొదటి మాటకు ఆయన చెయ్యి తిరిగేది. పళ్ళ కిందనే ఒక కీర్తన కూనిరాగం తీస్తూ, ఆ తాళానికి పిడి తిప్పేవాడు. నేను కథ సాగదీస్తే కొంచెం నిదానించేవాడు, తొందరపడితే కొంచెం వేగం పెంచేవాడు. జనం నన్ను పొగిడేవాళ్ళు. నా మాటకు సరిగ్గా బొమ్మ నడిపింది ఎవరో వాళ్ళకు తెలియదు, నేనూ చెప్పలేదు. పుంగనూరులో ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్తాంటే అన్నీ కదలతాయి నాయనా!" అన్నాడు. మేస్త్రి వెనక నుంచి, "సూస్తివా, రేపటి నుండి నేను ఇంటికాడ పండుకుంటా," అని నవ్వాడు.

ఇక కుప్పం.

దానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది నేత ఇల్లు. నాన్న మిషన్‌లో చేరి నన్ను చదివించాడు గాని, ఇంట్లో మగ్గం మాత్రం ఆగలేదు. అమ్మ కూర్చుని పడుగు సరిచూస్తుంటే పక్కనే కూర్చుని పెరిగాను. వదులు పోగు కనిపిస్తే మా అమ్మకు ఒళ్ళు మండేది. "వదులు పెట్టినావంటే అది గుడ్డ కాదురా, జల్లెడ," అని నా మణికట్టు మీద ఒకటి వేసేది. నాకు అక్షరాలకంటే ముందు వచ్చింది పోగు బిగించడం. ఇప్పటికీ మంచం నులక వదులుగా కనిపిస్తే మాట మధ్యలో ఆపి బిగిస్తాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. కుప్పంలో ఒక బడి హాల్లో ఆట. తెలుగువాళ్ళు, అరవవాళ్ళు, కన్నడంవాళ్ళు కలిసి కిక్కిరిసిపోయారు. ప్రభువు జీవితం మీద దొరగారి దేశం నుంచి వచ్చిన నాలుగు రీళ్ళ బొమ్మ. మొదటి రీలుకు మూడు భాషలూ కలిపి దంచాను. చప్పట్లు కొట్టారు. తల తిరిగిపోయింది.

మేస్త్రి రెండో రీలు ఎక్కించాడు. ఇంతలో బయట ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. "అయివోరా, ఈడనే నిలబడు. దేన్నీ ముట్టుకోవద్దు. ఇప్పుడే వస్తా," అని బయటికి పరిగెత్తాడు. మిషను పక్క తలుపు తెరిచే ఉంది. లాంతరు వెలుగులో ఫిలిం కనిపిస్తోంది. జనం ఈలలు వేస్తున్నారు, "ఊఁ, కానీ" అంటున్నారు. నాకు చప్పట్ల మత్తు ఇంకా దిగలేదు. ఎప్పుడెప్పుడు మళ్ళీ మొదలుపెడదామా అని ఉంది.

పైన వదులు ఆ పొద్దు నా కంటికి మరీ ఎక్కువగా కనిపించింది. మూడు వేళ్ళు పట్టేలా ఉంది. తలుపు మూస్తే దానికి రాసుకుంటుందేమో అనుకున్నాను. అనుకునే లోపే చెయ్యి వెళ్ళింది. పళ్ళ చక్రానికి అదిమి పట్టే బిళ్ళ ఎత్తి, ఫిలింను ఒక్క లాగు పైకి లాగి, బిళ్ళ మళ్ళీ వేశాను. పోగు సరిచేసినట్టు చేశాను, అంతే. చూస్తే వంపు పోయింది, ఫిలిం తీగలా నిలబడింది. నీటుగా ఉందనిపించింది. నిజంగానే అట్లా అనిపించింది. తలుపు మూసి తెర దగ్గరికి నడిచాను.

ఇంజను అందుకుంది. దీపం వెలిగింది. మేస్త్రి వాకిలి దాటి లోపలికి వస్తున్నాడు. ఆయన ఇంకా మిషను దగ్గరికి చేరలేదు, దగ్గలేదు. నేను "చూడండి అమ్మలారా, అయ్యలారా" అని ఎత్తుకున్నాను. రెండేళ్ళ అలవాటు. ఆ మాట చెవిన పడగానే ఆయన గబగబా వచ్చి పిడి అందుకున్నాడు. తలుపు తీయలేదు, రెండు వేళ్ళు పెట్టి చూడలేదు. ఎక్కించింది తనే కదా.

పది చుట్లు కూడా తిరిగి ఉండదు. ఠకఠక చప్పుడు కరకర అయింది. తెర మీద పన్నెండేళ్ళ ప్రభువు పండితుల మధ్య కూర్చుని ఉన్నాడు. కదలడం ఆగిపోయాడు. ఆయన ముఖం మధ్య ఒక గోధుమరంగు మచ్చ లేచి, చుట్టూ పాకి, తెల్లగా విరిగిపోయింది. అంతా చూస్తూ కూడా నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

"నిప్పు" అని ఒకరు, "నెరుప్పు" అని అరవంలో ఒకరు అరిచారు. కంబళ్ళు కట్టిన కిటికీలు, తెరిచిన వాకిలి ఒక్కటే. జనం తోసుకున్నారు. ఒక ముసలమ్మ కిందపడి చెయ్యి విరిగింది. మేస్త్రి దీపం ఆర్పేశాడు. మండుతున్న ఫిలింను మిషనులోంచి ఉత్త చేతులతో లాగి, పై చుట్టతో సహా వాకిట్లోకి మోసుకుపోయి మట్టిలో పడేశాడు. మిగిలిన మూడు రీళ్ళ పెట్టెను కాలితో అంతకుముందే అవతలికి నెట్టాడట. ఆ పని చేసి ఉండకపోతే హాలు మిగిలేది కాదు, లోపలివాళ్ళూ మిగిలేవాళ్ళు కాదు. ఆయన కుడి చెయ్యి మణికట్టు దాకా ఉడికిపోయింది. నేను తెర పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఏమీ కాలేదు.

రెండు రోజుల తర్వాత మదనపల్లెలో దొరగారి వరండాలో విచారణ. దొరగారు పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. "రీలును ఎక్కించినది ఎవరు?" అని అడిగారు.

"నేనేనండి," అన్నాడు మేస్త్రి. చేతికి కట్టు. నిజమే చెప్పాడు. చెప్పి నా వైపు తిరిగాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. చూస్తూ నిలబడ్డాడు, అంతే. నేను ఆయన చేతి కట్టు చూశాను, తర్వాత వరండా బండలు చూశాను.

"నీవు దగ్గర ఉంటివి కదా. నీవేమి చూచితివి?" అని దొరగారు నన్ను అడిగారు.

"నేను తెర దగ్గర ఉన్నానండి," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. ఇన్నేళ్ళుగా దాన్ని నేను మన్నించుకోలేనిది అందుకే. ఉత్త అబద్ధం చెప్పి ఉంటే కొంచెం నయంగా ఉండేది. ఆ నెలలోనే నన్ను ట్రైనింగుకు పంపాలని దొరగారు రాయబోతున్నారు. ఇంట్లో నా భార్య నెలలు నిండి నీళ్ళాడబోతోంది. భయపడ్డాను. నిందను ఆయన నెత్తిన వదిలి నా దారి నేను చూసుకున్నాను. దీనికి ఇంతకంటే మంచి పేరు నాకు తెలియదు. అజాగ్రత్త వల్ల ప్రమాదం అని రాసి మేస్త్రిని పనిలోంచి తీసేశారు.

ఆయన పుంగనూరులో అత్తగారింటికి చేరుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఎడమచేత్తో కుట్టుమిషన్లు, పెట్రోమాక్సు దీపాలు బాగుచేసేవాడు. పని బాగా చేసేవాడని అందరూ అనేవారు. అని, వెంటనే "బొమ్మ కాల్చినాయన గదా" అని కూడా అనేవారు. ఆ మాట ఆయనకు ఇంటి పేరయిపోయింది.

నాకు ట్రైనింగు వచ్చింది. తిరిగొచ్చాక మళ్ళీ ఆటలు. ఎవరో కొత్త మనిషి పిడి తిప్పేవాడు. రెండో రీలు లేదు కాబట్టి ప్రభువు పశువుల తొట్టిలోంచి నేరుగా తుఫాను పడవలోకి వచ్చేసేవాడు. ఆ మధ్య కథంతా నేను తెల్లటి తెర ముందు నిలబడి నోటితో చెప్పాలి. చెప్పాను. ఊరూరా చెప్పాను. "రీలు లేకపోతేనే బాగుంది, నీ మాటల్లో అంతా కనపడింది," అని మెచ్చుకున్నారు. నేను కాల్చిన రీలు మీద నాకు పేరు వచ్చింది.

పుంగనూరు ఆట రోజు ఇంకొకటి చేశాను. ఇది రాయడానికి కలం మూడుసార్లు కింద పెట్టాను. తెల్ల తెర చూసి ముందు వరుసలో ఒకడు, "రెండో రీలు యాడ?" అని కేక పెట్టాడు. జనం నవ్వారు. నవ్వు నా మీదికి వస్తుందని నాకు ఉక్రోషం వచ్చింది. "అది మీ ఊరి మేస్త్రి చేతిలో కాలిపోయింది," అన్నాను గట్టిగా. హాలంతా విరగబడి నవ్వింది. ఆడవాళ్ళ వైపు చూశాను. మేస్త్రి భార్య మూడో వరుసలో కూర్చుని ఉంది. నవ్వని మనిషి ఆమె ఒక్కతే. నేను కథ కొనసాగించాను.

అయినా ఆ ఇంటికి పోయేవాణ్ణి. ఏడాదికి ఒకటి రెండుసార్లు. చెప్పాలనే పోయేవాణ్ణి. మేస్త్రి భార్యను అక్కా అని పిలుస్తాను. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. మేస్త్రి ఎడమచేత్తో తింటూ, పిల్లల చదువులు, పలమనేరు బస్సులు, ఎవరి కుట్టుమిషను ఎందుకు దారం తెంపుతోందో చెప్పేవాడు. లేవబోతుంటే, "ఇంకేం సంగతి అయివోరా?" అనేవాడు. "ఏముంది మేస్త్రీ," అనేవాణ్ణి. కాసేపాగి, "ఇంకేం?" అని మళ్ళీ అడిగేవాడు. గడప దాకా వచ్చి మూడోసారి. ముసలివాళ్ళ ఊతపదం అనుకున్నాను. బస్సుకు టైమయిందని వచ్చేసేవాణ్ణి.

ఇంతవరకూ రాసి, పత్రికకు పంపేముందు పోయిన ఆదివారం పుంగనూరు వెళ్ళాను. అచ్చయ్యాక అక్క ఎవరి నోటనో వినడం కంటే నా నోట వినడం మేలని. ఆమెకు చదువు రాదు. తలుపు దగ్గరికి వేసి, ఆమె ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి అంతా చదివాను. పుంగనూరు ఆట సంగతి కూడా దాటెయ్యకుండా చదివాను. ఆమె చేటలో అనపకాయలు ఒలుస్తూ విన్నది. నేను ముగించాక కూడా నాలుగు కాయలు ఒలిచింది.

"ఆయన నాకు ఆ పొద్దే సెప్పినాడప్పా," అంది.

ఏమని చెప్పాడని అడిగాను.

"'అయివోరు బిగించినాడు. నేతోళ్ళ చెయ్యి, వదులు సూస్తే ఊరుకోదు' అన్నె. నీ చేతి మింద ఆయనకి కోపం ల్యాదు."

"మరి దొరగారికి ఎందుకు చెప్పలేదక్కా?"

"'నేను సెప్తే చాడీ అయితాది. ఆయనకి నోరుండాది, ఆయనే సెప్తాడు' అన్నె. నువ్వొచ్చిన ప్రతి తూరీ సూసినాడు. నువ్వు బస్సుకి పోయినాంక వచ్చి కూసోని, 'ఈ తూరి గూడా సెప్పల్యా' అంటాండె. జొరంలో గూడా అడిగె, అయివోరు వచ్చినాడా అని."

ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. చేట పక్కన పెట్టి ఒళ్ళు దులుపుకుంది.

"రేపే పత్రికకు పంపిస్తానక్కా. అందరికీ తెలుస్తుంది," అన్నాను.

"పత్రిక ఈ ఈదిలో ఎవురు సదువుతారప్పా? నాకు సదువు ల్యాదు, ఈళ్ళకీ ల్యాదు," అంటూ లేచింది. పోయి రెండు తలుపులూ బార్లా తెరిచింది. వీధిలో ఎండ, కుళాయి దగ్గర ఆడవాళ్ళు, కుట్టుమిషను భుజాన పెట్టుకుని మేస్త్రి ఇల్లు అడుగుతూ వస్తున్న మనిషి ఒకడు.

"ఆ పొద్దు ఆటకాడ ఆయన పేరు గట్టిగానే సెప్తివి గదా. ఊరంతా యిన్నె. ఇది గూడా అంతే గట్టిగా సదువు."

లేచి నిలబడ్డాను. మొదటి కాగితం పైకి తీసి చదవడం మొదలుపెట్టాను. నా మాట గడప దాటలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె నా వైపు చూడలేదు. గడప మీద కూర్చుని, వీధిలో ఎవరెవరు ఆగారో చూస్తూ ఉంది.